బొండాం అడిగితే అనాస వచ్చింది

అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో 30 ఏళ్లు కాయల లెక్క చూసిన నాకు హనోయ్ వీధిలో ఒక్క బొండాం అడగడం చేతకాలేదంటే మా ఊళ్లో ఎవరూ నమ్మలేదు. వియత్నాం భాషను రోమన్ లిపిలోనే రాస్తారు కనుక కూడబలుక్కుని నెట్టుకురావచ్చన్న ధీమాతో మా దంపతులం బయలుదేరాము. ఆ భాషలో గొంతు ఎత్తు మారితే మాటకు అర్థమే మారిపోతుందని, హనోయ్ వైపు అలాంటి స్వరాలు ఆరు ఉన్నాయని అక్కడికి వెళ్లాకే అనుభవమైంది. కొబ్బరిని ‘జువా’ అని గొంతు దించి పలకాలి. నేను మన అలవాటు కొద్దీ, అడుగుతున్నాను కదా అని, చివర గొంతు లేపాను. అలా లేపితే అది అనాస. బండి దగ్గరి ఆవిడ శ్రద్ధగా కళ్లన్నీ చెక్కి, ముక్కలు కోసి, ఉప్పూ కారంతో సహా చేతిలో పెట్టింది. తీయగానే ఉంది.

పాతబస్తీలో మేము దిగిన హోటల్ వారు ఇంగ్లీషు చక్కగా మాట్లాడారు గానీ, గది కిటికీ పక్కింటి గోడకు తెరుచుకుంటుందని మాత్రం ఏ భాషలోనూ చెప్పలేదు. అయినా వారు చేసిన ఒక మేలు మరువలేను. మా ఆవిడ శాకాహారి, అక్కడేమో కూరగాయల వంటలో కూడా చేపల సాస్ పడుతుంది. అది సైతం వద్దని వారి భాషలో రాసిచ్చిన చీటీ, ఫోన్లోని అనువాదం కంటే బాగా పనిచేసింది. తిరగడానికి, బండిని పిలిపించుకునే గ్రాబ్ యాప్ ఉత్తమం. దిగవలసిన చోటూ, ఇవ్వవలసిన సొమ్మూ ముందే తెరమీద కనబడతాయి. నోట్లతోనే జాగ్రత్త అవసరం, 20,000 డాంగ్‌ల నోటూ 5,00,000 నోటూ రెండూ నీలివే. నేను పొరబడి పెద్దనోటు ఇస్తే, టీకొట్టు ముసలమ్మ దాన్ని నా జేబులోనే తిరిగి కుక్కింది.

గోదావరి మన దగ్గర గౌతమి, వసిష్ఠ, వైనతేయలుగా చీలినట్లే మెకాంగ్ నది పాయలుగా విడిపోయే దక్షిణ వియత్నాంలోని బెన్ చె ప్రాంతంలో, కొబ్బరితోటలోని ఒక ఇంట్లో రెండు రాత్రులు ఉన్నాము. ఏసీ లేదు, దోమలు మన లంకల్లో లాగే ఉన్నాయి, ఇంటివారికి ఇంగ్లీషు ముక్క రాదు. నేను కష్టపడి నేర్చుకున్న ‘జువా’ కూడా దక్షిణాదిలో ‘యువా’ అయిపోయింది. విసుగొచ్చి, నేలలో నిలబెట్టిన ఇనుప మొన మీద ఒక కాయను నేనే వలిచి చూపించాను. ఇంటాయన పకపకా నవ్వి, కాలిక్యులేటర్ తెచ్చి, అక్కడి కాయ ధర కొట్టాడు. నేను మా మార్కెట్ ధరను డాంగ్‌లలోకి మార్చి కొట్టాను. ఆ రాత్రి భోజనం చల్లారేదాకా ఆ కాలిక్యులేటర్ ఇద్దరి మధ్య తిరుగుతూనే ఉంది.