వరల్డ్ జూనియర్సా, అండర్-18 వరల్డ్సా? ఒక్కటే చూడాలంటే ఏది మేలు?

చలికాలం మొదలైతే చాలు, మా గ్రూపులో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. "అన్నా, మా వాడికి ఐస్ హాకీ పిచ్చి పట్టుకుంది. రెండింటికీ తీసుకెళ్ళేంత సెలవూ లేదు, డబ్బూ లేదు. డిసెంబర్‌లో వరల్డ్ జూనియర్స్ చూపించనా, ఏప్రిల్ దాకా ఆగి అండర్-18 చూపించనా?" ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పే బదులు ఇక్కడ రాసేస్తే అందరికీ పనికొస్తుందనిపించింది. వరల్డ్ జూనియర్స్ అంటే ఇరవై ఏళ్ళలోపు కుర్రాళ్ళ ప్రపంచ పోటీ, అండర్-18 అంటే పద్దెనిమిది లోపువాళ్ళది.

మేం ఉండేది టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో. అండర్-18 ప్రపంచ పోటీలు 2021లో ఫ్రిస్కో, ప్లానోలలో జరిగాయి. 2025లో మళ్ళీ ఫ్రిస్కోకే వచ్చాయి, ఈసారి పక్కనున్న ఆలెన్‌తో కలిసి. ఇంతమంది తెలుగువాళ్ళున్న ఊళ్ళకి ఒక ప్రపంచ టోర్నీ రెండుసార్లు ఇంటిముందుకొచ్చింది. 2021లో కోవిడ్ భయంతో వెళ్ళలేదు. 2025లో మాత్రం మా అబ్బాయితో కలిసి కుదిరినన్ని మ్యాచ్‌లు చూశాను. ఆ డిసెంబర్‌లోనే, క్రిస్మస్ సెలవుల్లో, 2026 వరల్డ్ జూనియర్స్ కోసం మినియాపొలిస్ వెళ్ళాం. ఎనిమిది నెలల తేడాలో రెండూ కళ్ళారా చూశాక రాస్తున్న మాటలివి.

ముందు అండర్-18 సంగతి. దగ్గరగా చూడాలంటే దీనికి సాటి లేదు. రింక్ చిన్నది, టికెట్ దొరకడం తేలిక, అద్దం వెనక రెండో వరసలో కూర్చున్నాం. బయట ఏప్రిల్ ఎండ మండిపోతుంటే లోపల స్వెట్టర్లు వేసుకున్నాం. రెండు మ్యాచ్‌ల మధ్య కార్ పార్కింగ్‌కి వచ్చి డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తిని మళ్ళీ లోపలికి పోయేవాళ్ళం. ఒక మ్యాచ్ అయ్యాక ఓడిన జట్టు కుర్రాడొకడు మా ముందే మోకాళ్ళ మీద కూలబడ్డాడు. హెల్మెట్ తీస్తే మీసం కూడా సరిగ్గా మొలవని ముఖం. ఏడుపు ఆపుకోవడానికి మౌత్‌గార్డ్‌ని గట్టిగా కొరుకుతున్నాడు. పన్నెండేళ్ళ మావాడు వాడినే చూస్తూ, "నాన్నా, వీడు నాకంటే ఐదేళ్ళే పెద్ద" అన్నాడు. ఆ మాట పెద్ద స్టేడియంలో పై వరసలో కూర్చుంటే పుట్టదు.

ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికాలోని పెద్ద ప్రొఫెషనల్ లీగ్) క్లబ్బులు కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్ కూడా దగ్గరలోనే ఉంటుంది కాబట్టి ఆ కుర్రాళ్ళలో ఒక ఆకలి కనిపిస్తుంది. ఎన్‌హెచ్‌ఎల్ స్కౌట్లు నోట్‌పుస్తకాలతో మూలమూలనా కూర్చుని ఉంటారు. ఏప్రిల్‌లో మీరు చూసిన పేరే జూన్‌లో డ్రాఫ్ట్ రోజు వినిపిస్తుంది.

ఇంత చెప్పాక కూడా, ఒక్కటే చూడాలంటే వరల్డ్ జూనియర్సే చూడండి అంటాను. ఏ టోర్నీకైనా నేను మొదట వేసుకునే ప్రశ్న "ఎవరొచ్చారు" అని కాదు, "ఎవరు రాలేదు, ఎందుకు రాలేదు" అని. నా లెక్కలో అన్నిటికంటే అదే పెద్దది.

1999 నుంచి, అంటే అండర్-18 పోటీలు మొదలైన ఏడాది నుంచి, రెండు టోర్నీల స్వర్ణాలూ పక్కపక్కన పెట్టి చూడండి. వరల్డ్ జూనియర్స్‌లో కెనడాకి 10, అమెరికాకి 7. అండర్-18లో 2025 దాకా కెనడాకి 6, అమెరికాకి 11. ఆ రెండు దేశాలే, దాదాపు ఆ కుర్రాళ్ళే, రెండేళ్ళ తేడా. అయినా తక్కెడ తిరగబడింది. పదిహేడేళ్ళప్పుడు వెనకబడిన కెనడా కుర్రాళ్ళు పంతొమ్మిదేళ్ళకి ఒక్కసారిగా నేర్చేసుకున్నారా? కాదు. ఏప్రిల్లో కెనడా జూనియర్ లీగుల ప్లేఆఫ్స్, అంటే సీజన్ చివరి నాకౌట్ పోటీలు, నడుస్తుంటాయి. క్లబ్ ఇంకా ఆడుతుంటే కుర్రాడు దేశం తరఫున రాలేడు. కాబట్టి అండర్-18కి వచ్చే కెనడా జట్టంటే ప్లేఆఫ్స్‌లో తొందరగా ఓడిపోయిన క్లబ్బుల ఆటగాళ్ళు, అసలు ప్లేఆఫ్స్‌కే చేరని క్లబ్బుల ఆటగాళ్ళు. అమెరికా అలా కాదు. మిషిగన్‌లో వాళ్ళ నేషనల్ డెవలప్‌మెంట్ జట్టు రెండేళ్ళపాటు కలిసి ఆడి, ఏడాది మొత్తం ఈ ఒక్క టోర్నీకే తయారై వస్తుంది. ఎవడి పాస్ ఎక్కడికొస్తుందో కళ్ళు మూసుకుని చెప్పగలిగేంత అలవాటు వాళ్ళకి. అది వాళ్ళ కష్టం, అందులో తప్పేం లేదు. కానీ పతకాల పట్టిక చూసి రెండు దేశాల బలం తూచేస్తే మోసపోతాం.

దీనికి గట్టి సాక్ష్యం 2021. ఆ ఏడాది కోవిడ్ వల్ల కెనడా జూనియర్ లీగుల్లో ఒంటారియో లీగ్ సీజన్ మొత్తం రద్దయింది, వెస్టర్న్ లీగ్‌లో ప్లేఆఫ్స్ పెట్టలేదు. దాంతో షేన్ రైట్, అప్పటికి పదిహేనేళ్ళ కానర్ బెడార్డ్ లాంటి కెనడా మేటి కుర్రాళ్ళందరూ మా ఊరికి వచ్చేశారు. కెనడా ఫైనల్లో రష్యాని 5-3తో ఓడించి స్వర్ణం పట్టుకెళ్ళింది. అంతకుముందు వాళ్ళకి ఈ స్వర్ణం దక్కింది 2013లో. ప్లేఆఫ్స్ అడ్డు లేని ఏడాదే గెలిచారంటే, అడ్డంకి ఎక్కడుందో తెలిసిపోతోంది.

కెనడా కుర్రాడు గావిన్ మెకెన్నా సంగతే చూడండి. 2024లో వాడి క్లబ్ మెడిసిన్ హ్యాట్ టైగర్స్ ప్లేఆఫ్స్ నుంచి త్వరగా ఇంటిదారి పట్టింది. వాడు ఫిన్లండ్ వెళ్ళి, పదహారేళ్ళకే టోర్నీలో 20 పాయింట్లు చేసి, ఫైనల్లో అమెరికా మీద హ్యాట్రిక్ కొట్టాడు. 2025లో అదే క్లబ్ గెలుస్తూ పోయి లీగ్ టైటిలే కొట్టింది. వయసు ప్రకారం అర్హత ఉన్నా వాడు ఫ్రిస్కోకి రాలేదు. మా అబ్బాయి వాడి కోసమే ఎదురు చూశాడు. టికెట్లు కొన్న రోజు నుంచి మెడిసిన్ హ్యాట్ ఓడిపోవాలని కోరుకున్నాడు కూడా. ఒక కుర్రాడిని చూడాలంటే వాడి జట్టు ఓడిపోవాలని మొక్కుకోవాల్సి రావడం నాకు మనసులో కలుక్కుమంది. ఆటని ప్రేమించేవాడికి అలాంటి కోరిక పుట్టించే టోర్నీని నేను మొదటి స్థానంలో పెట్టలేను.

"వాడు లేకుండానే 2025 ఫైనల్లో కెనడా స్వీడన్‌ని 7-0తో చిత్తు చేసింది కదా" అని మీరు అడగొచ్చు. మావాడూ అదే అడిగాడు. నిజమే, కెనడాకి అంత లోతు ఉంది. కానీ ఒక్క ఫైనల్ చూసి పాతికేళ్ళ పట్టికని పక్కన పెట్టలేం.

వరల్డ్ జూనియర్స్ డిసెంబర్ 26న మొదలై జనవరి మొదటి వారంలో ముగుస్తుంది. ఆ పదిరోజులూ కెనడా జూనియర్ లీగులు తమ ఆటగాళ్ళని వదులుతాయి. అమెరికా కాలేజీలకి సెలవులు. యూరప్ క్లబ్బులు కూడా చాలావరకు పంపిస్తాయి. ఇక్కడా రానివాళ్ళు ఉంటారు, కాదనను. 2026 టోర్నీకి కెనడా కుర్రాళ్ళు మాక్లిన్ సెలెబ్రినీ, మాథ్యూ షేఫర్ ఇద్దరూ వయసు ప్రకారం ఆడొచ్చు. ఇద్దరూ అప్పటికే ఎన్‌హెచ్‌ఎల్‌లో కుదురుకున్నారు, క్లబ్బులు వదల్లేదు. ఇంకో కెనడా కుర్రాడు జేన్ పరేఖ్‌ని మాత్రం వాడి ఎన్‌హెచ్‌ఎల్ క్లబ్ కాల్గరీ పంపింది. కానీ ఈ లోటు వేరు, ఆ లోటు వేరు. పై క్లాసుకి వెళ్ళినవాడు కింది క్లాసు పరీక్ష రాయకపోవడం ఒకటి, అదే క్లాసులో ఉండి పరీక్ష రోజే ఇంట్లో పెళ్ళి పడి రాలేకపోవడం ఇంకొకటి. మొదటిదాంట్లో ఏ ఇద్దరు ముగ్గురో తగ్గుతారు, అందరికీ కారణం తెలుసు. రెండోదాంట్లో ఎంతమంది తగ్గుతారో, ఎవరు తగ్గుతారో టోర్నీకి ముందు వారం దాకా తెలియదు.

రెండు టోర్నీలకీ కలిపి ఒక పెద్ద ఖాళీ ఉంది, రష్యా. 2022లో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య ఆ దేశాన్ని పక్కన పెట్టింది. 2023 వరల్డ్ జూనియర్స్ నోవోసిబిర్స్క్‌లో జరగాల్సింది, హాలిఫాక్స్, మాంక్టన్‌లకి మారింది. నిషేధం సరైనదనే నా అభిప్రాయం. అయినా 2011లో బఫలో ఫైనల్లో మూడో పీరియడ్ మొదలయ్యేసరికి 0-3తో వెనకబడి ఉన్న రష్యా, ఐదు గోల్స్ కొట్టి కెనడాని ఓడించిన రోజు గుర్తున్నవాళ్ళకి ఆ లోటు తెలుస్తుంది.

ఆ ఖాళీలోకి మిగతావాళ్ళు ఎదిగిన తీరు మాత్రం వరల్డ్ జూనియర్స్‌లోనే బాగా కనిపించింది. 2024, 2025 క్వార్టర్ ఫైనల్స్‌లో కెనడాని ఇంటికి పంపింది చెక్ జట్టే. 2025లో అయితే సొంతగడ్డ ఒట్టావాలో, సొంత జనం ముందు. 2026లో డిసెంబర్ 26న మేం మినియాపొలిస్‌లో చూసిన కెనడా-చెక్ మ్యాచ్‌లో కెనడా గెలిచింది. బయటికొస్తూ "ఈసారి లెక్క సరిచేశారు" అనుకున్నాం. సెమీఫైనల్లో మళ్ళీ అదే చెక్ చేతిలో ఓడిపోయారు. ఫైనల్లో స్వీడన్ గెలిచింది. పూర్తి బలంతో వచ్చిన కెనడాని వరసగా మూడేళ్ళు నాకౌట్‌లో ఓడించడమంటే మాటలా? ఏప్రిల్‌లో ఇదే జరిగితే "సగం జట్టు రాలేదు" అని కొట్టిపారేస్తారు. డిసెంబర్‌లో ఆ మాట ఎవరూ అనలేరు. అందుకే చెక్ కుర్రాళ్ళు ఆ రాత్రి ఒకరి మీద ఒకరు పడి గంతులేశారు.

ఆటలో బరువు కూడా వేరు. పదిహేడేళ్ళవాడికీ పంతొమ్మిదేళ్ళవాడికీ ఒంట్లో ఉన్న తేడా టీవీలో తెలియదు. ఫ్రిస్కోలో ఒకడు ఇంకొకడిని రింక్ చుట్టూ ఉండే బోర్డుకి తోస్తే "టక్" మనేది. మినియాపొలిస్‌లో "ధన్" మంది, అద్దం ఊగింది, మావాడు సీట్లో వెనక్కి జరిగాడు. పాస్ పట్టుకుని ఆలోచించే టైమ్ సగానికి సగం తగ్గిపోతుంది.

షేఫర్ ఏడాది ఒకటి తీసుకుంటే ఈ తేడాలన్నీ ఒకే కుర్రాడిలో కనిపిస్తాయి. 2024 మే మొదట్లో ఫిన్లండ్‌లో అండర్-18 స్వర్ణం. ఆగస్టులో ఎడ్మంటన్‌లో హ్లింకా గ్రెట్స్కీ కప్ (అండర్-18 వాళ్ళదే ఇంకో టోర్నీ), కెప్టెన్‌గా మరో స్వర్ణం. డిసెంబర్‌లో ఒట్టావాలో వరల్డ్ జూనియర్స్, తనకంటే రెండేళ్ళు పెద్దవాళ్ళ మధ్య. లాట్వియాతో మ్యాచ్‌లో గోల్‌పోస్టుకి గుద్దుకుని కాలర్‌బోన్ విరిగింది, సీజన్ అక్కడితో అయిపోయింది. ఆ మ్యాచ్ కెనడా షూటౌట్‌లో ఓడిపోయింది కూడా. 2025 జూన్‌లో వాడే డ్రాఫ్ట్‌లో మొదటి పేరు.

హ్లింకా గ్రెట్స్కీ కప్ గురించి కూడా అడుగుతుంటారు. ఆగస్టులో వస్తుంది, ఎనిమిది జట్లు, వారంలోపే అయిపోతుంది. లీగులు లేని కాలం కాబట్టి కెనడా మంచి జట్టుతో వస్తుంది, 20కి పైగా గెలిచింది కూడా. కానీ అమెరికా తన డెవలప్‌మెంట్ జట్టు కుర్రాళ్ళని పంపదు, సమాఖ్య అధికారిక టోర్నీ కూడా కాదు. ఎడ్మంటన్ చుట్టుపక్కల ఉండి, వేసవి సెలవుల్లో పిల్లలకి పని కావాలంటే సరే. వరల్డ్ జూనియర్ ఎ ఛాలెంజ్ అని ఇంకో చిన్న జూనియర్ టోర్నీ ఉంది, అది మీ ఊళ్ళో జరిగితే వెళ్ళండి, దానికోసం ప్రయాణాలు పెట్టుకోవద్దు.

డబ్బు మాట కూడా చెప్పాలి. క్రిస్మస్ వారంలో విమానం, హోటల్, టికెట్లు కలిపితే ఇండియా ప్రయాణానికి దాచుకున్న దాంట్లోంచి తీయాల్సి వచ్చింది. మా ఆవిడ ముందు ఒప్పుకోలేదు. ఇద్దరు పిల్లలున్న ఇంటికి అంత ఖర్చు భారమే, అలా అనిపిస్తే వరల్డ్ జూనియర్స్ టీవీలో చూడండి, ఏమీ పోదు. అండర్-18 మాత్రం టీవీలో కాదు, మీ ఊరికి వచ్చినప్పుడు రింక్‌కి వెళ్ళి ముందు వరసలోనే చూడాలి. దాని గొప్పతనమంతా ఆ దగ్గరతనంలోనే ఉంది. పిల్లవాడు ఇప్పుడిప్పుడే స్కేటింగ్ నేర్చుకుంటుంటే, ఎనిమిదేళ్ళలోపు అయితే, ఇదే ముందు చూపించమంటాను. పన్నెండు దాటి, ఆట లోతు తెలిసి, ఎవడు ఎక్కడ నిలబడ్డాడో గమనించగలిగితే డిసెంబర్ కోసమే దాచుకోండి.

2026 అండర్-18 స్లొవాకియాలో, బ్రాటిస్లావా, ట్రెన్చిన్‌లలో. అంత దూరం మేం వెళ్ళం. 2027 వరల్డ్ జూనియర్స్ ఆల్బెర్టాలో, ఎడ్మంటన్, రెడ్ డీర్‌లలో. మా పెదనాన్న కొడుకు ఎడ్మంటన్‌లోనే ఉంటాడు. హోటల్ ఖర్చు లేదు కాబట్టి ఈసారి మా ఆవిడే ముందు సరేనంది. డిసెంబర్ చలికి మావాడికి పెద్ద కోటు మాత్రం కొనాలి, పోయినేడాది కొన్నది అప్పుడే చేతులు పొట్టయిపోయింది.