డి3200 నుంచి డి7200కి: తొమ్మిదేళ్ళ వాడకం తర్వాత

కొత్త కెమెరా ఇంటికి తెచ్చిన రోజు మా బావమరిది అట్టపెట్టె తిప్పి చూసి అడిగాడు. "బావా, ఉన్నదీ 24 మెగాపిక్సెలే, కొన్నదీ 24 మెగాపిక్సెలే. మరి ఇంత డబ్బు దేనికి పెట్టినట్టు?" ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాను. నికాన్ డి3200 వదిలి డి7200కి మారి తొమ్మిదేళ్ళయింది. షటర్ లెక్క (ఇప్పటిదాకా తీసిన ఫొటోల సంఖ్య) 90 వేలు దాటింది. ఇప్పుడు చెప్పగలను.

ముందే ఒక మాట. పట్టపగలు, కదలకుండా కూర్చున్న మనిషిని ఒకే లెన్సుతో రెండు కెమెరాల్లోనూ తీసి పక్కపక్కన పెడితే ఏది దేనితో తీశారో పట్టుకోవడం కష్టం. నేనైతే పట్టుకోలేను. ఫొటోలు ఇంకా స్పష్టంగా రావాలన్నదే మీ కోరికైతే ఆ డబ్బు మంచి లెన్సు మీద పెట్టండి. నన్ను మార్పించినవి చేజారిపోయిన ఫొటోలు.

గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువుకు చలికాలం ఆదివారాల్లో వెళ్తుంటాను. నీళ్ళ మధ్య తుమ్మచెట్ల నిండా ఎర్రకాళ్ళ కొంగలు, గూడబాతులు. గూడు దగ్గర పిల్లకు మేత పెడుతున్న కొంగను తీస్తూ ఉంటే, పక్కనుంచి గూడబాతు రెక్కలు చాచి కిందికి దిగుతుంది. కాళ్ళు ముందుకు పెట్టి నీటి మీద జారుతూ వచ్చి ఆగే ఆ రెండు మూడు సెకన్లే మనకు దొరికేది. డి3200లో ఫోకస్ పద్ధతి మార్చాలంటే వెనక స్క్రీన్ వెలిగించి, బాణం గుర్తులతో వెతుక్కుని, ఓకే నొక్కాలి. ఈలోపు పక్షి నీళ్ళలో కూర్చుని ఉంటుంది. నాలుగేళ్ళు అలాగే పోగొట్టుకున్నాను.

డి7200లో లెన్సు పక్కన ఎడమ చేతి వైపు ఒక బటన్ ఉంటుంది. అది నొక్కి పట్టుకుని వెనక డయల్ తిప్పితే ఫోకస్ పద్ధతి, ముందు డయల్ తిప్పితే ఎన్ని పాయింట్లు వాడాలన్నది మారతాయి. కన్ను వ్యూఫైండర్ నుంచి తియ్యనక్కర్లేదు. ఇంకా తేలిక మార్గం, మోడ్ డయల్ మీది యు1, యు2. యు1లో ఎగిరే పక్షికి కావలసినవి (1/1600 సెకను షటర్ వేగం, ఆగకుండా వెంటపడే ఫోకస్) ఒకసారి పెట్టి దాచుకున్నాను. ఇప్పుడు గూడబాతు రెక్క మడిచేలోపు సిద్ధంగా ఉంటాను. పాత కెమెరాలో 11 ఫోకస్ పాయింట్లు, ఇందులో 51. సెకనుకు 6 ఫ్రేములు వస్తాయి. 1.3 క్రాప్ (ఫ్రేము మధ్య భాగాన్నే తీసే పద్ధతి) పెడితే 7 దాకా వస్తాయి, పైగా ఆ 51 పాయింట్లు దాదాపు ఫ్రేమంతా పరుచుకుంటాయి. దూరంగా ఉన్నవి తియ్యడానికి 70-300 లెన్సు మాత్రమే ఉన్న నాకు ఈ క్రాప్ ఎంతో అక్కరకొచ్చింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది వేరే ఉంది. నా దగ్గర పాత 50ఎంఎం ఎఫ్/1.8 డి లెన్సు ఉంది. దానిలో ఫోకస్ మోటారు ఉండదు, కెమెరా బాడీలో ఉన్న మోటారే దాన్ని తిప్పాలి. డి3200లో అలాంటి మోటారు లేదు కాబట్టి ఇన్నాళ్ళూ చేత్తో తిప్పుకుంటూ తీశాను. డి7200కి బిగించి షటర్ సగం నొక్కిన మొదటిసారి 'జుర్' మని తిరిగి, మా అమ్మ కళ్ళజోడు అంచు దగ్గర ఆగింది. అమ్మ ఆ చప్పుడుకి నవ్వింది, ఆ నవ్వే మొదటి ఫొటో. ఇప్పటికీ ఇంటి ఫొటోలన్నీ దానితోనే తీస్తాను.

ఆ లెన్సునే ఒక శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకు తీసుకెళ్ళాను. రాత్రి ప్రభల మీద కరెంటు దీపాలు ధగధగలాడుతుంటాయి, కింద జనం ముఖాలు చీకట్లో ఉంటాయి. ఆ ముఖాల మీద ఫోకస్ కుదరడం పాత కెమెరాతో నాకు గగనమే. ఇది చాలాసార్లు పట్టింది. ఐఎస్ఓ (చీకట్లో తియ్యడానికి పెంచుకునే అంకె) 3200 దాకా భయం లేకుండా వాడతాను. 6400లో నలుపు భాగాల్లో గింజలు కనిపిస్తాయి కానీ కేలండర్ సైజు ప్రింటుకు ఇబ్బంది లేదు. వ్యూఫైండర్ కూడా పెద్దది, వెలుతురుగా ఉంటుంది. ఫ్రేము మొత్తం చూపిస్తుంది. డి3200 ఇంచుమించు 95 శాతమే చూపించేది. అందుకే నా పాత తిరునాళ్ళ ఫొటోల అంచుల్లో ఎక్కడ చూసినా నేను చూసుకోని కరెంటు తీగలు ఉంటాయి.

డి7200లో రెండు మెమరీ కార్డులు పెట్టుకోవచ్చు, ఆ సంగతి వివరంగా చెప్పాలి. మా మేనకోడలి ఓణీల ఫంక్షన్‌కు ఫొటోలు నేనే తీశాను. భోజనాల వేళకి మొదటి కార్డు చదవడం మానేసింది. కంప్యూటర్‌లో పెట్టినా ఖాళీగానే చూపించింది. రెండో స్లాట్‌లో అదే ఫొటోలు రెండో ప్రతిగా పడేలా పెట్టుకోబట్టి ఒక్కటీ పోలేదు. ఆ పూట నేను పడ్డ టెన్షన్ నాకే తెలుసు. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ తీసేవాళ్ళు ఒకే కార్డు స్లాట్ ఉన్న బాడీ జోలికి పోవద్దని గట్టిగా చెబుతాను. 2017లో వచ్చిన డి7500లో వంచగలిగే టచ్ స్క్రీన్, సెకనుకు 8 ఫ్రేములు ఉన్నాయి గానీ స్లాట్ ఒక్కటే. అందుకే నేను దానికి మారలేదు.

లోటుపాట్లు కూడా ఉన్నాయి. స్క్రీన్ కదలదు. చెరువు గట్టు మీద నేలబారుగా తియ్యాలంటే బురదలో బోర్లా పడుకోవాల్సిందే. స్క్రీన్ చూస్తూ తీస్తే ఫోకస్ నిదానంగా పడుతుంది. వీడియో మీ ప్రధాన అవసరమైతే ఇది వద్దు, ఇందులో 4కె లేదు. 14 బిట్ రా ఫైళ్ళు (కెమెరా మెరుగులు దిద్దని అసలు ఫైళ్ళు) వరసగా 18 పడగానే బఫర్ (కార్డుకెక్కేలోపు ఫొటోలు ఆగే చోటు) నిండి వేగం తగ్గుతుంది. నేను 12 బిట్‌కి మారాక 27 దాకా వస్తున్నాయి. తేడా నా కంటికి ఆనలేదు. బ్యాటరీ, కార్డుతో కలిపి బరువు 765 గ్రాములు, దానికి లెన్సు బరువు అదనం. మెడకు వేసుకుంటే సాయంత్రానికి నొప్పి, అందుకని భుజానికి అడ్డంగా వేసుకునే పట్టీకి మారాను. బ్యాటరీ మాత్రం 1,110 ఫొటోలు వస్తుందని కంపెనీ లెక్క. నాకు ఆదివారమంతా తీసినా ఒక్కటి చాలుతోంది.

మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్త తరహా) కెమెరాలు వచ్చాక డి7200లు సెకండ్ హ్యాండ్‌లో బాగానే దొరుకుతున్నాయి. మంచిది దొరికితే ఇవాళైనా కొనమంటాను, ముఖ్యంగా నాలాగా పాత డి లెన్సులు ఉన్నవాళ్ళకు. నికాన్ మిర్రర్‌లెస్ జెడ్ కెమెరాలకు పాత లెన్సులు బిగించే ఎఫ్‌టిజెడ్ అడాప్టర్‌లో ఆ మోటారు లేదు, మళ్ళీ చేత్తో తిప్పుకోవాలి. చూడ్డానికి వెళ్ళేటప్పుడు రెండు కార్డులు, ఒక డి లెన్సు వెంట తీసుకెళ్ళండి. రెండు స్లాట్లలోనూ ఫొటోలు పడుతున్నాయో లేదో చూడండి. షటర్ 1,50,000 సార్లకు పరీక్షించినది కాబట్టి ఒక ఫొటో తీసి, ఆ ఫైల్ వివరాల్లో ఇప్పటిదాకా ఎన్నయ్యాయో తెలుసుకోండి. మెనూలో బ్యాటరీ వయసు 0 నుంచి 4 దాకా చూపిస్తుంది, 4 ఉంటే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలో తగ్గించమనండి. చివరగా ఆ డి లెన్సు బిగించి షటర్ సగం నొక్కి, 'జుర్' మని తిరుగుతుందో లేదో వినండి.