ఇరవై సెల్స్ నోటుపుస్తకం: ఆర్బిట్ రీడర్‌తో ఐదేళ్లు

పదో తరగతి దాకా నా చదువంతా అంధుల పాఠశాలలోనే. చేతిలో కాగితం బిగించే బ్రెయిలీ స్లేటు, చుక్కలు పొడిచే స్టైలస్. కుడి నుంచి ఎడమకి పొడుచుకుంటూ రాసి, కాగితం తిప్పి ఎడమ నుంచి కుడికి చదువుకునేవాళ్లం. ఇంటర్‌కి మామూలు కాలేజీలో చేరాక అవి అటకెక్కాయి. ముందు క్యాసెట్లు, తర్వాత కంప్యూటర్లో తెర మీదున్నది చదివి వినిపించే ఎన్‌విడిఎ, ఆ తర్వాత ఫోను. డిగ్రీ, బీఈడీ, డీఎస్సీ అన్నీ చెవులతోనే గట్టెక్కించాను. అందుకే ఐదేళ్ల కిందట, చుక్కలు లేపి వరస వరసగా బ్రెయిలీ చూపించే ఆర్బిట్ రీడర్ 20 అనే చిన్న యంత్రం కొన్నప్పుడు యంత్రం బాగానే పనిచేసింది గానీ, నా వేళ్లే మొరాయించాయి.

కొనడానికి కారణం క్లాసు. హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతాను. పాఠం పాయింట్లు ఫోన్లో పెట్టుకుని, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ తగిలించుకుని చెప్పేవాణ్ని. ఒకసారి వెనక బెంచీ పిల్లాడు నిజాం సాగర్ గురించి అడిగితే, చెవిలో అప్పుడే వినబడుతున్న నాగార్జున సాగర్ గురించి చెప్పేశాను. క్లాసు గొల్లుమంది. చెవులు పిల్లలకి వదిలేసి, పాయింట్లు వేళ్లకి అప్పగించాలని ఆరోజే అనుకున్నాను.

వస్తువు గురించి రెండు ముక్కలు. బరువు అరకిలో లోపే. బ్రెయిలీ టైపు చేసే పెర్కిన్స్ బ్రెయిలర్ దాదాపు 4.8 కిలోలు కదా, అది మోసినవాళ్లకి ఇది గాలి. ముందు అంచున 20 సెల్స్, అంటే ఒక్కో బ్రెయిలీ గుర్తు లేచే గళ్లు, ఒక్కోదానిలో 8 చుక్కలు. వాటి వెనక పెర్కిన్స్ పద్ధతిలో చుక్కకో మీట, స్పేస్ బార్, మధ్యలో బాణం మీటల చక్రం. డిస్‌ప్లేకి అటూ ఇటూ వరస మార్చే మీటలు. ఫైళ్లన్నీ ఎస్‌డీ కార్డులో ఉంటాయి. మాట్లాడదు, తెర లేదు. యూఎస్‌బీతోనో బ్లూటూత్‌తోనో కంప్యూటర్‌కీ ఫోనుకీ తగిలించుకోవచ్చు. బ్యాటరీ మనమే మార్చుకోవచ్చు.

చుక్కల సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. పాత రకం డిస్‌ప్లేలలో ఒక్కో చుక్క కింద కరెంటు తగిలితే వంగే సన్నని పీజో పట్టీ ఉంటుంది. వేలు కాస్త గట్టిగా ఆనిస్తే చుక్క మెత్తగా లోపలికి పోతుంది. ఇందులో అలా కాదు. లేచిన చుక్క లేచినట్టే నిలబడుతుంది, లిఫ్టు పక్కన రేకు మీద ఉండే బ్రెయిలీలాగా. ఏళ్ల తరబడి బ్రెయిలీ ముట్టని నా మొద్దు వేళ్లకి ఆ గట్టిదనమే దారి చూపించింది. దానికి మూల్యం చప్పుడు. వరస మారినప్పుడల్లా చుక్కలు గరగరమంటాయి. మొదటి రోజు ముందు బెంచీ పిల్లొకతి, "మాస్టారూ, మీ డబ్బా గురక పెడుతోంది" అంది. ఇప్పుడెవరూ పట్టించుకోరు. గ్రంథాలయంలో మాత్రం ఇప్పటికీ మొహమాటమే.

మొదటి నెల రాత నవ్వులపాలైంది. స్లేటు మీద అక్షరాన్ని అద్దంలో బొమ్మలా తిప్పి పొడుస్తాం. మీటల మీద తిప్పే పని లేదు, చదివినట్టే నొక్కాలి. ఆ సంగతి బుర్రకి తెలుసు, చేతికి తెలియదు. బ్రెయిలీ అక్షరంలో ఎడమ పక్క చుక్కలు పైనుంచి 1, 2, 3, కుడి పక్కవి 4, 5, 6. ఇ అంటే 2, 4 చుక్కలు. దాన్ని తిప్పితే 1, 5 అవుతుంది, అది ఏ. దాంతో ఇల్లు కాస్తా ఏల్లు అయింది. 1, 2, 5 హ అయితే దాని అద్దం బొమ్మ 2, 4, 5 జ, కాబట్టి హారం జారం. రోజూ రాత్రి భోజనాలయ్యాక అరగంట కూర్చుని, మా ఊళ్లో నాకు గుర్తున్న ఇంటిపేర్లన్నీ రాశాను. మూడు వారాలకి చెయ్యి దారికొచ్చింది. చదవడం ఇంకా ఆలస్యమైంది. రెండు నెలలు నిమిషానికి పది పదాలు దాటలేదు. యంత్రం మీద విసుగుపుట్టి పక్కన పడేసేది సరిగ్గా ఇక్కడే. పడేయకండి.

20 సెల్స్ అంటే ఇంగ్లీషువాళ్లకి ఫరవాలేదు, కుదించి రాసే గ్రేడ్ 2 ఉంది. మనకి ఇరుకే. మన భాషలకి వాడే భారతి బ్రెయిలీలో ప్రతి గుణింతానికీ ఒక సెల్, ఒత్తున్న అక్షరానికి ముందు 4వ చుక్కతో మరో సెల్. "విద్యార్థులకు" అన్న ఒక్క మాటకే 13 సెల్స్ పోతాయి. మిగిలిన ఏడింటిలో తర్వాతి మాట పట్టకపోతే కింది వరసకి పోతుంది. అందుకని నా నోట్సులో పూర్తి వాక్యాలు మానేశాను. "సాలార్ జంగ్, 1853, దివాన్" అని ముక్కలు రాసుకుంటాను, మిగతాది నోటితో అల్లుకుంటాను. నిజానికి నా పాఠం దీనివల్లే బాగుపడిందేమో.

ఇంకో తమాషా. యంత్రంలో రాసిన ఫైలు బ్రెయిలీ సంకేతాలుగానే, అంటే ఒక్కో చుక్కల గుర్తుకి ఒక ఇంగ్లీషు అక్షరమో చిహ్నమో పెట్టి దాచుకుంటుంది. ఒకరోజు నా నోట్సు ఫైలు కంప్యూటర్లో తెరిస్తే, అమ్మ అని రాసిన చోట ఎన్‌విడిఎ "ఏ, ఎట్, ఎం, ఎం" అని చదివింది. అ, 4వ చుక్క, మ, మ: లెక్క సరిగ్గానే ఉంది, చూపున్నవాళ్లకి మాత్రం గజిబిజి. పక్క సీటు తెలుగు మాస్టారు తెర చూసి, "పాస్‌వర్డాండీ?" అన్నారు. ఇంకొకరికి పోయే కాగితమేదైనా కంప్యూటర్లోనే టైపు చేస్తాను. దీనిలో రాసేది నాకోసమే.

కంప్యూటర్‌కి తగిలించినప్పుడు ఎన్‌విడిఎ బ్రెయిలీ సెట్టింగుల్లో అవుట్‌పుట్ పట్టికని తెలుగుకి మార్చుకోండి. నేను మార్చకుండా వార్తల పేజీ తెరిస్తే, అక్షరాల బదులు సున్నా, సి అంటూ యూనికోడ్ అంకెలు వరుసకట్టాయి. రెండు మూడక్షరాలకే 20 సెల్స్ నిండిపోయాయి. చెడిపోయిందనుకుని రెండు రోజులు దిగులుపడ్డాను.

లోపాల్లో పెద్దది కర్సర్ మీటలు లేకపోవడం. ఖరీదైన డిస్‌ప్లేలలో ప్రతి సెల్ మీదా ఒక చిన్న మీట ఉంటుంది, నొక్కితే కర్సర్ అక్కడికే వస్తుంది. ఇందులో వరస మధ్యలో ఒక్క అక్షరం దిద్దాలంటే బాణం మీటతో ఒక్కో సెల్ జరుపుకుంటూ పోవాలి. హాజరు పట్టీలో 42 పేర్లున్నాయి, పిల్లలు బడి మారినప్పుడల్లా దిద్దుడే. కథలు, వ్యాసాలు రాసి తిరగరాసేవాళ్లకి ఇది పనికిరాదని మొహం మీదే చెబుతాను. వాళ్లు 40 సెల్స్‌ది, కర్సర్ మీటలున్నది చూసుకోవాలి. నాలాగా రాసి, చదివి, క్లాసు చెప్పేవాళ్లకి ఇది చాలు. చూపులేనివాళ్ల ఆన్‌లైన్ గ్రంథాలయం సుగమ్య పుస్తకాలయ నుంచి బ్రెయిలీ ఫైళ్లు దించుకుని బస్సులో చదువుతాను. హారన్ల గోలలో ఇయర్‌ఫోన్ పెట్టుకోనక్కర్లేదు, నా స్టాపు కేక వినబడుతుంది.

జాగ్రత్తలంటే, చేతులు కడుక్కుని ముట్టుకోండి. సుద్దపొడి, బజ్జీ నూనె రెండూ చుక్కలకి శత్రువులే. బడిలో చాక్‌పీస్ పట్టిన చెయ్యి చదివే చెయ్యి కాకూడదని నియమం పెట్టుకున్నాను. ఎడమ చేత్తో చదువుతాను.

కార్డులు రెండు కొనండి. ఫైళ్లు ఎక్కించడానికి తీసిన కార్డు ల్యాప్‌టాప్‌లోనే మర్చిపోయి బడికి వెళ్లానోసారి. కార్డు లేకుండా ఇది సొంతంగా ఫైళ్లేవీ చూపించదు. ఆరోజు ఇన్‌స్పెక్షన్. ఇప్పుడు రెండో కార్డు నా చొక్కా జేబులో, బస్ పాసు వెనక ఉంటుంది.