చికాగోలో రెండు టవర్లు: హాన్‌కాక్, సియర్స్

రెండింటికీ ఇంజనీరు ఢాకాలో పుట్టిన ఫజ్లుర్ ఖాన్, ఆర్కిటెక్టు బ్రూస్ గ్రాహం. భవనం పైకి పోయేకొద్దీ బరువు కన్నా గాలితోనే ఎక్కువ తంటా. ఆ గాలిని ఒక్కో టవర్ ఒక్కోలా తట్టుకుంటుంది.

1969లో పూర్తయిన హాన్‌కాక్ ఎత్తు 344 మీటర్లు, 100 అంతస్తులు. దాని బలమంతా బయటే కనిపిస్తుంది. నాలుగు వైపులా ఇంటూ గుర్తుల్లా పెద్ద పెద్ద ఉక్కు దూలాలు. గాలి తోపును అవే మూల స్తంభాలకు అందించి పునాదికి దించుతాయి. అందుకే చదరపు మీటరుకు సుమారు 145 కిలోల ఉక్కుతోనే పనైపోయింది. న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ భవనానికి 206 కిలోలు పట్టింది. పైకి వెళ్లేకొద్దీ టవర్ సన్నబడుతుంది. కింద ఆఫీసులకు వెడల్పు జాగా, పైన ఇళ్లకు కిటికీల దగ్గరి జాగా దొరికాయి. కాకపోతే కొందరి కిటికీకి అడ్డంగా దూలం ఉంటుంది. లక్షలు పోసి కొన్నాక అదో చిరాకు!

1974 నాటి సియర్స్ (ఇప్పుడు విల్లిస్) 442 మీటర్లు. తొమ్మిది చదరపు గొట్టాలను కట్టగా కట్టినట్టు ఉంటుంది. అవన్నీ కలిసి గాలిని తట్టుకుంటాయి. రెండు 50వ అంతస్తులో, రెండు 66లో, మూడు 90లో ఆగిపోతాయి. మిగతా రెండే చివరిదాకా వెళ్తాయి. కింది అంతస్తులు వెడల్పు కాబట్టి పెద్ద ఆఫీసుకు ఇదే అనువు.

నాకు మాత్రం హాన్‌కాకే ఇష్టం. చూడగానే లెక్క అర్థమవుతుంది.