సెప్టిక్ ట్యాంకు మందులు: ఏడేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

మా సెప్టిక్ ట్యాంకు విషయంలో ఈ ఏడేళ్లలో మూడు పద్ధతులు అనుసరించాను: మొదటి ఏడాది రసాయన ద్రావణం, తరువాత మూడేళ్లు బ్యాక్టీరియా పొడి, ఆపై మూడేళ్లు ఏ మందూ లేకుండా గడపడం. ఇంట్లో అప్పుడూ ఇప్పుడూ ఐదుగురమే, ట్యాంకులో నీటి లోతు నాలుగడుగులు, పైనుంచి పొర్లే నీరు ఇంకుడు గుంతకు వెళుతుంది.

రసాయన ద్రావణాన్ని మాత్రం ఎవరూ కొనవద్దని నా మనవి. అడుగు మడ్డినంతా కరిగిస్తుందనీ, ఇక ట్యాంకు తోడించే పనే ఉండదనీ డబ్బా మీద రాసి ఉంటే నమ్మాను. ఘాటైన క్షారంతో చేసిన ఆ ద్రావణం మడ్డిని మాయం చేయలేదు, కదిలించి నీటిలో కలిపింది. అడుగున కూర్చోవలసిన నలుసులు నీటితో పాటు ఇంకుడు గుంతకు చేరి, నీరు పీల్చుకునే మట్టిని పూడ్చివేశాయి. కొన్ని నెలలకే గుంత చుట్టూ నేల చిత్తడిగా మారింది. చివరికి గుంత తవ్వించి రాళ్లన్నీ మార్పించవలసి వచ్చింది, ట్యాంకునూ అప్పుడే తోడించాము. పైగా ఇలాంటి రసాయనాలు మడ్డిని కుళ్లబెట్టే బ్యాక్టీరియానే చంపేస్తాయి.

బ్యాక్టీరియా పొడి ఆ కోవలోది కాదు. అందులో నిద్రాణంగా ఉండే బ్యాక్టీరియా బీజాలతో పాటు కొవ్వును, మాంసకృత్తులను, పిండిపదార్థాన్ని విడగొట్టే ఎంజైములు ఉంటాయి. నెలకొకసారి గోరువెచ్చని నీటిలో అరగంట నానబెట్టి, అందరూ పడుకున్నాక మరుగుదొడ్డిలో పోసేవాడిని. మూడేళ్లలో హాని ఏమీ కనబడలేదు, అయితే మేలు ఎంతో కొలిచి చూస్తేనే తెలుస్తుంది.

కొలవడానికి పొడవైన కర్రకు తెల్లని తువ్వాలు గట్టిగా చుట్టి, నీరు బయటికి పోయే గొట్టం దగ్గరి మూత తీసి, నెమ్మదిగా అడుగుదాకా దించి, కొన్ని నిమిషాలు కదపకుండా ఉంచి పైకి తీస్తాను. మడ్డి ఉన్నంత మేర తువ్వాలుకు నల్లని రేణువులు అంటుకుంటాయి, ఆపైన పలుచని గోధుమ రంగు మరక మాత్రమే ఉంటుంది. ఆ రెండింటి నడుమ గీత స్పష్టంగా కనిపిస్తుంది. మూత తీసినప్పుడు ముఖం లోపలికి వంచకూడదు, దగ్గర నిప్పు ఉండకూడదు, ఏ కారణం చేతనైనా లోపలికి దిగకూడదు. లోపలి హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కు ఆ వాసననే పసిగట్టలేదు కనుక, వాసన లేదన్న ధీమా ప్రాణం తీస్తుంది.

పొడి వేసిన మూడేళ్ల చివర మడ్డి 13 అంగుళాలు, పైన తెట్టు 3 అంగుళాలు ఉన్నాయి. ట్యాంకు తోడించి, ఏమీ వేయకుండా గడిపిన మూడేళ్ల చివర మడ్డి 14 అంగుళాలు, తెట్టు మళ్లీ 3 అంగుళాలే. కర్ర కొలతలో ఒక అంగుళం అటూ ఇటూ కావడం మామూలే కనుక నా దృష్టిలో ఇది తేడాయే కాదు. మలంతోనే కావలసినంత బ్యాక్టీరియా ప్రతిరోజూ ట్యాంకులోకి చేరుతూ ఉంటుంది, మనం వేసే చెంచాడు పొడి దానికి కొత్తగా చేర్చేది స్వల్పం. సక్రమంగా పనిచేసే ఇంటి ట్యాంకుకు ఇలాంటివి అవసరం లేదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ కూడా చెబుతుంది.

పొడితో దుర్వాసన తగ్గిందని మొదట్లో నేనూ అనుకున్నాను, కానీ రెండు నెలలకే అది తిరిగి వచ్చింది. గాలి గొట్టం విప్పి చూస్తే చిరిగిన జాలీ గుండా కందిరీగలు దూరి, లోపల పిడికెడంత మట్టిగూడు కట్టాయి. దాన్ని తీసి కొత్త జాలీ బిగించాక వాసన మళ్లీ రాలేదు. ఆ రెండు నెలలూ నేను పొడిని మెచ్చుకుంటూ నలుగురికి సిఫారసు చేశాను, అందుకు ఇప్పటికీ బాధగా ఉంది.

పొడి మానేసిన తర్వాత నా శ్రద్ధంతా ట్యాంకులోకి ఏం పోతున్నదన్న దానిపైనే ఉంది. వాడిన నూనెను తూములో పోయము, తడి తుడుపు కాగితాలను, శానిటరీ ప్యాడ్లను మరుగుదొడ్డిలో వేయము, బ్లీచింగును అతి పొదుపుగా వాడతాము. బట్టలన్నీ ఒకే రోజున ఉతికితే ఆ నీటి ఉరవడికి మడ్డి కదులుతుంది కాబట్టి వారంలో నాలుగు రోజులకు పంచుకున్నాము.

మడ్డి, తెట్టు కలిపి నీటి లోతులో మూడో వంతు, అంటే 16 అంగుళాలు, చేరేలోపే తోడించాలన్నది నేను పెట్టుకున్న లెక్క. ఈసారి అవి 17 అంగుళాలకు చేరాయి, అందుకే తోడించే బండికి కబురు చేశాను. ఆ తర్వాత మళ్లీ పొడి కొనదలచుకోలేదు.