పిల్లల లిపిడ్ ప్రొఫైల్: ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే సర్వీసు మంచిదే, రిపోర్టుతోనే చిక్కు

ఊబకాయం ఉన్న పిల్లలకు లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలో కొవ్వుల పరీక్ష, చేయించి తీరాలి. ల్యాబ్‌వాళ్లు ఇంటికే వస్తుండటంతో ఆ పని సులువైంది. రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం చాలు, రిపోర్టు ఫోన్‌కే వస్తుంది. సౌకర్యానికి మంచి మార్కులే వేయొచ్చు. రిపోర్టుకు మాత్రం వేయలేం.

పదేళ్ల పిల్లాడికి మొత్తం కొలెస్ట్రాల్ 185, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 36, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని మరో రకం కొవ్వు) 140, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 121 వచ్చాయనుకోండి. చాలా రిపోర్టుల్లో పక్క గడిలో మొత్తం కొలెస్ట్రాల్ 200 లోపు, ట్రైగ్లిజరైడ్లు 150 లోపు నార్మల్ అని ఉంటుంది. హెచ్‌డీఎల్ ఒక్కటే తక్కువని చూపిస్తుంది, మిగతావి చూసి ఇంట్లోవాళ్లు ఫర్వాలేదనుకుంటారు. అవి పెద్దవాళ్ల హద్దులు! అమెరికాలో 2011లో ఇచ్చిన పిల్లల ప్రమాణాల ప్రకారం 10-19 ఏళ్లవాళ్లకు ట్రైగ్లిజరైడ్లు 90 లోపుండాలి, 130 నుంచి ఎక్కువ కింద లెక్క. తొమ్మిదేళ్ల వరకు ఆ హద్దులు 75, 100. మొత్తం కొలెస్ట్రాల్ 170 లోపు, ఎల్‌డీఎల్ 110 లోపు ఉండాలి. మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే మిగిలే నాన్ హెచ్‌డీఎల్ ఈ పిల్లాడికి 149. 145కే అది ఎక్కువ. అంటే ఈ రిపోర్టులో పిల్లల హద్దుల్లో ఉన్న అంకె ఒక్కటీ లేదు.

ఒళ్లు బాగా పెరిగిన పిల్లల్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయక లివర్ రక్తంలోకి కొవ్వు ఎక్కువగా వదులుతుంది. ట్రైగ్లిజరైడ్లు పెరిగి, హెచ్‌డీఎల్ పడిపోతుంది. ఎల్‌డీఎల్ అంకె పెద్దగా పెరగకపోయినా దాని కణాలు చిన్నవై రక్తనాళాల గోడల్లోకి తేలిగ్గా దూరతాయి. గుండెజబ్బు బయటపడేది పెద్దయ్యాకే అయినా, ఆ గోడల్లో కొవ్వు చారలు చిన్నప్పుడే మొదలవుతాయని లూసియానాలోని బొగలూసా అధ్యయనం చూపింది.

బుక్ చేసేటప్పుడు పొద్దున్నే వచ్చే స్లాట్ అడగండి. రాత్రి ఎనిమిదింటికల్లా భోజనం అయిపోవాలి, తర్వాత మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. పొద్దున గ్లాసు పాలు తాగినా ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. ఎల్‌డీఎల్‌ని నేరుగా కొలవకుండా మిగతా అంకెల నుంచి లెక్కకట్టే ల్యాబ్ అయితే అదీ తప్పుతుంది. జ్వరమొచ్చి తగ్గిన వెంటనే చేయించొద్దు. ఖాళీ కడుపుతో ఉండలేని పిల్లలకు మొదటిసారి నాన్ హెచ్‌డీఎల్ చూస్తే చాలు, దానికి పరగడుపు అక్కర్లేదు.

ఫుల్ బాడీ ప్యాకేజీలు అనవసరం. లిపిడ్‌తో పాటు ఎస్‌జీపీటీ (లివర్ పరీక్ష), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష) చేయిస్తే మేలు.

అంకెలు ఎక్కువొస్తే రెండు వారాల నుంచి మూడు నెలల్లోపు పరగడుపున మళ్లీ చేయించి సగటు చూడాలి. ట్రైగ్లిజరైడ్లు 500 దాటితే మాత్రం ఆగొద్దు, పాంక్రియాస్ (క్లోమం) వాచే ప్రమాదం ఉంది. ఎల్‌డీఎల్ 190 దాటితే బరువు ఒక్కటే కారణం కాకపోవచ్చు, వంశపారంపర్యమేమో చూడాలి. అప్పుడు అమ్మానాన్నలూ పరీక్ష చేయించుకోవాలి.