స్లీపింగ్ బ్యాగులకి మైనస్ పది అని స్టిక్కర్ అతికించి అమ్ముతున్నారు, వింటర్ ట్రెక్‌కి వెళ్లేవాళ్లు జాగ్రత్త

ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ట్రెక్ నుంచి మొన్ననే తిరిగొచ్చాం. తమ్ముడి కాలి వేళ్లలో రెండింటికి ఇంకా సరిగ్గా స్పర్శ రాలేదు. కోపం చల్లారాక రాద్దామనుకుంటే ఈలోపు ఇంకెవరో అదే స్లీపింగ్ బ్యాగ్ కొనుక్కుని కొండెక్కేస్తారు, అందుకే ఇప్పుడే రాస్తున్నా. షాపు పేరు రాయను. హైదరాబాద్‌లో ట్రెక్కింగ్ సామాను కొనేవాళ్లకి వాళ్ల పేజీ తెలిసే ఉంటుంది, రీల్స్ నిండా మంచు, టెంట్లు, "వింటర్ కాంబో" అని స్లీపింగ్ బ్యాగ్, మ్యాట్, బుల్లి స్టవ్, గ్యాస్ డబ్బా అన్నీ కలిపి ఒకే రేటుకి ఇస్తారు, వాళ్లే.

మన తెలంగాణ అమ్మాయి మాలావత్ పూర్ణ పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కిందని 2014లో పేపర్లలో వచ్చినప్పటి నుంచీ మా వాడికి మంచుకొండల పిచ్చి. భువనగిరి గుట్ట మీద రాక్ క్లైంబింగ్ నేర్చుకున్నాడు, అనంతగిరిలో టెంటు వేసుకుని పడుకున్నాడు, కానీ మంచులో రాత్రి గడపడం మా ఇద్దరికీ కొత్త. అందుకే సామాను దగ్గర కక్కుర్తి పడకూడదని ముందే అనుకున్నాం.

షాపులో నేను అడిగింది ఒక్కటే. కేదార్‌కంఠ వెళ్తున్నాం, రాత్రుళ్లు సున్నాకి బాగా కిందికి పోతుంది, ఈ బ్యాగ్ ఆగుతుందా? ఓనరే స్వయంగా దాన్ని కౌంటర్ మీద పరిచి, జిప్ పక్కన ఉన్న లేబుల్ మీద వేలు పెట్టి చూపించాడు. పెద్ద అంకెల్లో మైనస్ 10. "రాసే ఉంది కదక్కా. డౌన్ ఫిల్లింగ్ ఇది, అసలైన బాతు ఈకలు. మొన్న మన పిల్లలు లంబసింగిలో దీంట్లనే పడుకున్నరు, చెమటలు పట్టినయంట. ఏం టెన్షన్ పడకు." లంబసింగి చలీ హిమాలయాల చలీ ఒకటెలా అవుతుందన్నాను. లంబసింగిలో సున్నా దాకా పడితేనే మనకి వార్త, కేదార్‌కంఠ శిఖరం 12,500 అడుగులు. "నాది గ్యారంటీ అక్కా" అన్నాడు. కాంబో ఒక్కోటి 6,500, రెండు తీసుకున్నాం. బిల్లు అడిగితే సిస్టం పనిచేయట్లేదు, వాట్సాప్‌లో పంపిస్తానన్నాడు. ఇప్పటికీ రాలేదు.

మొదటి దెబ్బ శంషాబాద్‌లోనే. గ్యాస్ డబ్బా చెకిన్ లగేజీలో వేసుకోవచ్చని చెప్పింది కూడా ఈయనే. స్కానింగ్‌లో పట్టుకుని, మమ్మల్ని పిలిచి, బ్యాగులు విప్పించి తీసేశారు. క్యాంపింగ్ గ్యాస్ విమానంలో చెకిన్‌లోనూ పంపరు, చేతి సంచిలోనూ పంపరు, ఇది అమ్మేవాడికి తెలియకుండా ఉంటుందా? పైగా ఆ డబ్బా మీద రాసింది ఉత్త బ్యూటేన్. సున్నా దగ్గరికి వచ్చేసరికి బ్యూటేన్ ఆవిరి కావడం ఆగిపోతుంది, డబ్బా నిండా ఉన్నా మంట రాదు. చలిలో పనిచేయాలంటే ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపినది కావాలి. వింటర్ అని పేరు పెట్టి అమ్మిన కాంబోలో చలికాలంలో వెలగని గ్యాస్!

డెహ్రాడూన్ నుంచి ట్రెక్ మొదలయ్యే ఊరు సాంక్రి దాదాపు 200 కిలోమీటర్లు, రోజంతా ఘాట్ రోడ్డే. సాంక్రిలో గైడ్‌ని మాట్లాడుకున్నాం. టెంట్లు, వంట వాళ్లవి, పడక మాది. మొదటి రాత్రి మకాం జూడా కా తాలాబ్ దగ్గర, సుమారు 9,000 అడుగులు, చెరువు గడ్డకట్టి ఉంది. భోజనాలయ్యేసరికి గైడ్ థర్మామీటరులో మైనస్ 6.

అర్ధరాత్రి దాటాక తమ్ముడి పళ్లు టకటక కొట్టుకోవడం వినపడి లేచాను. నాకూ నిద్ర లేదు, నడుము కింద నుంచి చలి లాగేస్తోంది. జాకెట్ వేసుకుని మళ్లీ బ్యాగులో దూరమన్నాను. కాసేపటికి వాడి వణుకు తగ్గింది. తగ్గింది కదా అని ఊపిరి పీల్చుకునేలోపు వాడు ఏదో అన్నాడు, ఒక్క మాట అర్థం కాలేదు, నాలుక మొద్దుబారినట్టు ముద్దముద్దగా మాట్లాడుతున్నాడు. జిప్ తీయమంటే వేళ్లు జిప్‌ని పట్టుకోలేకపోతున్నాయి. వెచ్చబడకుండానే వణుకు ఆగిపోయి మాట తడబడిందంటే ఒళ్లు ఓడిపోతోందని అర్థం, హైపోథర్మియా, అంటే ఒంట్లో వేడి ప్రమాదకరంగా పడిపోవడం, ముదురుతున్న లక్షణం అది. అరిచి గైడ్‌ని పిలిచాను.

ఆ గైడ్ భయ్యాకి మా కుటుంబం మొత్తం రుణపడి ఉంటుంది. వంట టెంటులోంచి రెండు రజాయిలు, ఇంకో రెండు ఫోమ్ మ్యాట్లు తెచ్చాడు. తేమ పట్టిన సాక్సు, బనియన్ తీయించి పొడివి తొడిగించాడు. నీళ్లు కాచి సీసాల్లో పోసి, గుడ్డ చుట్టి, చంకల్లో, ఛాతీ మీద పెట్టాడు. వాడు గుటక వేయగలడని చూసుకున్నాకే వేడి వేడి చక్కెర నీళ్లు కొద్దికొద్దిగా తాగించాడు. పక్క టెంటు వాళ్లు పాపం సాయం చేద్దామని రమ్ము తెస్తే వద్దని పంపేశాడు, మందు తాగితే లోపలి వేడి చర్మానికి వచ్చి బయటికి పోతుందట. నేను వాడి చేతులు గట్టిగా రుద్దబోతే అదీ వద్దన్నాడు. తెల్లవారుజామున వాడు మామూలుగా "అక్కా, ఆకలేస్తోంది" అన్నాక గానీ నా గుండె దడ తగ్గలేదు.

వాడికి రజాయిలు కప్పాక ఆ బ్యాగ్‌ని చేతిలోకి తీసుకున్నాను. లోపల హెడ్‌ల్యాంప్ పెట్టి వెలిగిస్తే కుట్టు ఉన్న ప్రతి చోటా వెలుతురు గీత పడి బయటికి కనిపించింది. అంటే ఆ కుట్ల పొడుగునా పైగుడ్డ, లోపలిగుడ్డ తప్ప మధ్యలో ఏమీ లేదు. ఒక చోట కుట్టు వదులైతే వేలు పెట్టి లాగాను, దిండుల్లో కూరే తెల్ల పాలిస్టర్ దూది వచ్చింది, ఒక్కటంటే ఒక్క ఈక లేదు. జిప్ పక్కన మైనస్ 10 అన్న లేబుల్ తేమకి ఒక మూల లేచి ఉంది. గోటితో లాగితే మొత్తం ఊడొచ్చింది, అది స్టిక్కర్. దాని కింద తయారీవాళ్లు కుట్టిన అసలు లేబుల్: కంఫర్ట్ ప్లస్ 8, లిమిట్ ప్లస్ 3, ఎక్స్‌ట్రీమ్ మైనస్ 10.

ఈ మూడు అంకెల సంగతి కొత్తవాళ్లందరూ తెలుసుకోవాలి. ఐఎస్ఓ 23537 అనే ప్రమాణం ప్రకారం వేసే అంకెలివి. కంఫర్ట్ అంటే మామూలు ఆడమనిషి హాయిగా నిద్రపోగలిగే చలి. లిమిట్ అంటే మామూలు మగమనిషి ముడుచుకుని పడుకుని ఎలాగో రాత్రి గడిపే చలి. ఎక్స్‌ట్రీమ్ అంటే నిద్ర మాట అటుంచి, ఆరు గంటల పాటు ప్రాణం నిలవచ్చేమో అనే హద్దు, చలికి వేళ్లు దెబ్బతినే ప్రమాదం అప్పటికే ఉంటుంది. ప్లస్ 8 దాకా పనికొచ్చే బ్యాగ్‌కి ఆ చివరి అంకె ఒక్కటీ కనపడేలా మిగతా రెండూ కప్పేసి మంచులోకి అమ్మారు. ఇది పొరపాటున జరిగేది కాదు. ఎవరో కూర్చుని ఒక్కో బ్యాగ్‌కీ ఆ స్టిక్కర్ అతికించారు.

పొద్దున్నే శిఖరం మానుకుని సాంక్రికి దిగిపోయాం. విమానం టికెట్లు, గైడ్ డబ్బులు, సెలవులు అన్నీ పోయాయి, వాటి గురించి నాకు బాధ లేదు. నన్ను నిలువునా కాల్చింది షాపులో జరిగింది.

హైదరాబాద్‌లో దిగాక రెండు బ్యాగులూ, ఊడొచ్చిన స్టిక్కరూ పట్టుకుని వెళ్లాను. అదే ఓనరు. ముందు గుర్తులేదన్నాడు, యూపీఐ రసీదు చూపిస్తే గుర్తొచ్చింది. తమ్ముడికి ఏమైందో మొత్తం చెప్పాను. లేబుల్ వైపు చూశాడు, ఫోనులో ఏదో చూసుకున్నాడు, మళ్లీ తలెత్తి అన్న మాట ఇది, అక్షరం మార్చకుండా రాస్తున్నా: "ఎక్స్‌ట్రీమ్ మైనస్ 10 ఉన్నది కదా మేడం, మేం అబద్ధమేం రాసినం? మీ తమ్ముడు బతికే వచ్చిండు కదా, అంటే బ్యాగ్ పనిచేసినట్టే."

నాకు నోట మాట రాలేదు. వెనక ప్యాకింగ్ చేస్తున్న అబ్బాయి తల దించుకున్నాడు. నా పక్కనే ఒక జంట, కాలేజీ పిల్లల్లా ఉన్నారు, అదే ఆరెంజ్ బ్యాగ్ చేతిలో పట్టుకుని నిలబడ్డారు, ఎక్కడికెళ్తున్నారమ్మా అంటే ఆ అమ్మాయి కేదార్‌కంఠే అంది. లేబుల్ గోకి చూడమ్మా అన్నాను. ఓనరు ఆ పిల్ల చేతిలోంచి బ్యాగ్ లాక్కుని, "మేడం, మీరు బయటికి నడవండి, బేరం ఖరాబ్ చెయ్యకండి" అన్నాడు. మనిషి ప్రాణం పోయేదాకా వచ్చిందని చెబుతుంటే ఆయనకి కనపడింది బేరం. ఆ పిల్లలు కొనకుండా నా వెంటే బయటికి వచ్చేశారు, నాకు అంతే చాలు.

కొనేవాళ్లు కంఫర్ట్ అంకె ఒక్కటే చూడండి, ముఖ్యంగా ఆడవాళ్లు. వెళ్లే చోట పడే చలి కన్నా ఆ అంకె ఇంకా కింద ఉండాలి. కుట్టిన లేబుల్ కాకుండా స్టిక్కర్ ఉంటే అక్కడే పెట్టేసి వచ్చేయండి. మ్యాట్‌ని తేలిగ్గా తీసుకోవద్దు, ఒంటి బరువుకి బ్యాగ్ కింది భాగం నలిగిపోతుంది కాబట్టి నేల చలిని ఆపేది మ్యాటే. దాని మీద ఆర్ వ్యాల్యూ (చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) ఉంటుంది, మంచు మీద పడుకోవాలంటే నాలుగైదు అయినా కావాలి, రెండు మ్యాట్లు పరిస్తే రెండింటి విలువా కలుస్తుంది. మాకిచ్చినవి యోగా చాపల కన్నా పలచన, ఏ అంకే లేదు. మొదటిసారి వెళ్తుంటే అసలు కొనకండి, సాంక్రిలోనే జాకెట్లు, గైటర్లు (బూట్లలోకి మంచు పోకుండా కాళ్లకి కట్టుకునేవి), మైక్రోస్పైక్స్ (జారకుండా బూట్ల కింద తొడిగే ముళ్లు) అద్దెకి దొరుకుతాయి, పడక గైడ్లనే అడగండి, అక్కడి చలి వాళ్లకి తెలుసు. ఒంటికి ఆనేది కాటన్ వద్దు, పడుకునే ముందు పొడి బట్టలు మార్చుకోండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమూ, లోపమున్న వస్తువుని గడువులోపు, గడువు రాసి లేకపోతే 30 రోజుల్లోపు, వెనక్కి తీసుకోననడమూ రెండూ అన్యాయ వ్యాపారం కిందికే వస్తాయి. వాళ్ల దగ్గర ఆరెంజ్ బ్యాగ్, లోపల నల్ల లైనింగ్ ఉన్నది, కొన్నవాళ్లుంటే స్టిక్కర్ పూర్తిగా పీకేయకుండా ముందు సగం లేపి ఫోటో తీయండి, డబ్బు కట్టిన రసీదు దాచుకోండి, నాకు మెసేజ్ చేయండి. వినియోగదారుల కమిషన్‌కి నేనెలాగూ వెళ్తున్నా, నలుగురం కలిసి వెళ్తే ఆ స్టిక్కర్ల సంగతి అక్కడే తేలుతుంది.